తాలిపేరు దాకా

ఖమ్మం నుంచి వైరా, తల్లాడ దాటి ఏన్కూరు వైపు తిరిగేసరికి రోడ్డుకి రెండు పక్కలా ఎర్రటి కల్లాలు మొదలయ్యాయి. మిరప కోతల కాలం. ఆరబోసిన కాయల ఘాటు కారు అద్దాలు ఎక్కించినా గొంతు పట్టేస్తోంది. మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వైపు పల్లె. మా చేలల్లో కోతకు దిగే మనుషులే ఇక్కడా కనిపించారు. ట్రాలీ ఆటోలో గిన్నెలు, దుప్పట్లు, బియ్యం మూటలు, వాటి మీద పసిపిల్లలు. ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి ఏటా సరిహద్దు దాటి వచ్చే గుత్తికోయలు వాళ్ళు. జూలూరుపాడు దగ్గర టీ తాగుతుంటే అదే ఆటో వచ్చి ఆగింది. పద్దెనిమిదేళ్ళుంటాయేమో, ఒక కుర్రాడు దిగి అందరికీ లెక్కపెట్టి టీ చెప్పాడు. డబ్బులిచ్చాడు, తక్కువైన గ్లాసు సంగతి తెలుగులో అడిగి తెప్పించాడు. ముసలివాళ్ళు సైతం అతను చెప్పినదాకా దిగలేదు. ఆ గుంపుకి అతనే పెద్ద. కూలి మాట్లాడేది, తూకం చూసేది, జ్వరమొస్తే ఆసుపత్రి వెతికేది అతనేనని ఆటో డ్రైవరు చెప్పాడు.

నేను బయల్దేరింది అలాంటి పిల్లల కోసమే. దాదాపు అర్ధ శతాబ్దం తుపాకుల మధ్య బతికిన అడవి అంచున ఇప్పుడు కుర్రకారుకి ఏం దారులున్నాయి, వాళ్ళని నాయకులుగా నిలబెడతామని చెప్పే కార్యక్రమాలు వాళ్ళ గూడెం దాకా వస్తాయా అన్నది చూడాలనుకున్నాను. 2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల మీద మావోయిస్టుల కోసం భారీ గాలింపు జరిగింది. అక్టోబరులో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో లొంగిపోయాడు. నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో మరో మావోయిస్టు నేత మాడ్వి హిడ్మా హతమయ్యాడు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పోలీసులు ‘ఆపరేషన్ చేయూత’ పేరుతో లొంగుబాట్లకు పిలుపిచ్చారు. యుద్ధం అయిపోయిందని ఈ దారిలో నాతో ఎవరూ అనలేదు. “ఇప్పుడు కొంచెం నయం” అన్నారంతే. ఆ మాట అనేటప్పుడు కూడా గొంతు తగ్గించారు.

జూలూరుపాడు నుంచి చండ్రుగొండ మీదుగా అన్నపురెడ్డిపల్లికి పోయాను. చండ్రుగొండ మండలంలోనే ఎర్రబోడు ఉంది. పోడు భూమిలో నాటిన మొక్కల దగ్గర మొదలైన గొడవలో 2022 నవంబరులో ఒక అటవీ రేంజ్ అధికారి ప్రాణం పోయింది. నిందితులు గుత్తికోయలు కావడంతో ఆ తర్వాత ఈ ప్రాంతంలో గుత్తికోయ అన్న మాటే అనుమానంగా పలికారు. చంపినవాళ్ళకు శిక్ష పడాలి. దానికి ఆ తెగలో పుట్టిన ప్రతి పిల్లవాణ్నీ దోషిగా చూడటం మాత్రం అన్యాయం. 2005లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్ళు తగలబడి, ఇటు పక్షానికీ అటు పక్షానికీ భయపడి గోదావరి లోయలోకి పారిపోయి వచ్చిన కుటుంబాలు వాళ్ళవి. 2011 జులై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుంను తప్పుపట్టి ఆపమంది. అప్పటికే వచ్చేసినవాళ్ళు వెనక్కి పోలేదు.

అన్నపురెడ్డిపల్లి చుట్టూ పామాయిల్ తోటలు పచ్చగా ఉన్నాయి. ఇక్కడి సాంఘిక సంక్షేమ గురుకులంలో తొమ్మిదో తరగతి చదివిన సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కాడు. అతనిది చర్ల మండలం. అతనితో పాటు శిఖరం మీద నిలబడ్డ మాలావత్ పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల. అప్పటికి ఆ పిల్లకి పదమూడేళ్ళ పదకొండు నెలలు. గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పిల్లల్ని భువనగిరి గుట్ట మీద తాళ్ళకు వేలాడదీయించి, ఎంపికైనవాళ్ళను డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థకు పంపి, చివరికి ఈ ఇద్దరినీ టిబెట్ వైపు నుంచి ఎక్కించారు. ఆ ఏప్రిల్‌లోనే నేపాల్ వైపు మంచు చరియ విరిగిపడి పదహారు మంది చనిపోయారు. తల్లిదండ్రుల గుండెలు ఎంత అదిరాయో ఊహించుకోవచ్చు. పూర్ణ తర్వాత విద్యార్థి మార్పిడి కార్యక్రమం కింద అమెరికాలోని మిన్నెసోటాలో చదివింది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికా మొదలుపెట్టిన కెన్నెడీ–లూగర్ యూత్ ఎక్స్ఛేంజ్ కార్యక్రమానికి కూడా మన గురుకుల పిల్లలు ఎంపికయ్యారు.

బడి గేటు బయట సోడాబండి దగ్గర ఒక పెద్దాయన ఆనంద్ పేరు చెప్పగానే ఎండలోంచి లేచి నిలబడ్డాడు. “మా మనవడు గుడక ఈడనే సదువుతున్నడు. ఆ పిలగాడు ఎక్కిండంటే మనోడు గుడక ఏదో ఒకటి ఎక్కుతడు” అన్నాడు. దళిత, గిరిజన కుటుంబాల్లో అంతకుముందు ఈ ధీమా ఎంతమందికి ఉండేది? ఒక్క పిల్లవాడు శిఖరం ఎక్కితే ఏమొస్తుందని పట్నాల్లో అడిగేవాళ్ళు ఈ పెద్దాయన ముఖం చూడాలి. అయితే ఆయన మనవడికి ఆ గేటు తెరుచుకోవడానికి ఒక కాగితం ఉంది. ఆ కాగితం లేని పిల్లల దగ్గరకు తర్వాత వెళ్ళాను.

కొత్తగూడెం త్వరగా దాటేశాను. పాల్వంచలో ఆకాశం కొత్తగా కనిపించింది. పాత థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో కూల్చేశారు. తరువాత సారపాక కాగితం మిల్లు, దాని వాసన, ఆపైన వంతెన. నేల మీద నిలబడితే భద్రాచలం దగ్గర గోదావరి వెడల్పు తెలియదు. ఎండాకాలం ముందరి ఇసుక తిన్నెల మధ్య పాయలు పాయలుగా పారుతూ ఉంటే నది చిన్నదనిపిస్తుంది. 1965లో మొదటి వంతెన తెరిచేదాకా వరదల రోజుల్లో అవతలి గిరిజన గూడేలకు ఇవతలి లోకం లేనట్టే. మా కృష్ణ వైపు కాలువ గట్టు మీద నిలబడి నీళ్ళెప్పుడొస్తాయా అని చూస్తాం. ఇక్కడివాళ్ళు నీళ్ళెప్పుడు పోతాయా అని చూస్తారు.

భద్రాచలంలో గుడి మెట్ల కింద పులిహోర తిన్నాను. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) తోడ్పాటుతో గిరిజన మహిళలు నడిపే చిరుధాన్యాల బిస్కెట్ల కేంద్రంలో రాగి బిస్కెట్ కూడా తిన్నాను. పట్నపు బిస్కెట్లంత తీపి లేదు, గట్టిగా నమిలితే బెల్లం, ధాన్యం రెండూ తెలుస్తాయి. ఈ బిస్కెట్ల గురించి ప్రధాని రేడియోలో చెప్పాక ఆర్డర్లు పెరిగాయని అక్కడి అక్క ఒకావిడ చెప్పింది. ఆవిడ మాట్లాడిన తీరు నాకు బాగా నచ్చింది. ముందు ఎవరు పిండి కలుపుతారో, ఎవరు లెక్క రాస్తారో, సెలవు కావాలంటే ఎవరిని అడగాలో చెప్పి, ఆ తర్వాతే తన పేరు చెప్పింది.

అడవి పిల్లల్ని నాయకులుగా నిలబెట్టే పని గురించి ఆలోచిస్తుంటే ఆ రాత్రి నాకు మార్లవాయి గుర్తొచ్చింది. ఆదిలాబాద్ అడవుల్లో కొమరం భీమ్‌ను 1940లో జోడేఘాట్ దగ్గర చంపేశాక నిజాం సర్కారుకి ఒక విషయం అర్థమైంది. గోండుల కోపం తుపాకితో చల్లారదని. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తని పరిశీలనకు పిలిచారు. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారుచేశారు. శిక్షణ పొందిన కుర్రాళ్ళు తమ గూడేలకే పంతుళ్ళుగా పోయారు. కొందరు తరువాత గ్రామాధికారులు, గుమాస్తాలు అయ్యారు. తమ భూమి కాగితం తామే చదివి వాదించగలిగారు.

తగాదాల మధ్య పెరిగే పిల్లల కోసం బయటి దేశాల్లోనూ ప్రయత్నాలు జరిగాయి. సీడ్స్ ఆఫ్ పీస్ సంస్థ 1993లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో సరస్సు ఒడ్డున ఇజ్రాయెలీ, పాలస్తీనా పిల్లల్ని ఒకే శిబిరంలో ఉంచింది. మనసులు కరగడానికి అది పెద్ద ప్రయత్నం. కానీ ఎండాకాలం శిబిరం అయిపోయాక ఆ పిల్లలు వెళ్ళేది అదే చెక్‌పోస్టుల మధ్యకు. బోస్నియాలోని మోస్టార్‌లో 2006లో యునైటెడ్ వరల్డ్ కాలేజీ తెరిచినవాళ్ళు ఇంకో పని చేశారు. క్రొయేట్, బోస్నియాక్ పిల్లలు వేర్వేరు పాఠ్యాలతో చదివే ఒకే పాత భవనంలో, యుద్ధం జరిగిన ఊళ్ళోనే, అందరికీ కలిపి కాలేజీ పెట్టారు. మార్లవాయికి మోస్టార్ దగ్గరగా అనిపిస్తుంది నాకు. మనిషిని తీసుకుపోవడం కన్నా బడిని తీసుకురావడం కష్టం. ఖర్చూ ఎక్కువే, ఫోటోలూ తక్కువే. అయినా నిలబడేది అదే అని నా నమ్మకం. ఈ ప్రయాణంలో అది మరింత గట్టిపడింది.

భద్రాచలం దాటి చర్ల దారి పట్టగానే ఎటపాకలో ఆంధ్రప్రదేశ్ వస్తుంది. 2014లో పోలవరం కోసం ముంపు మండలాల్ని విడదీసినప్పుడు పట్నం తెలంగాణలో ఉండిపోయింది, పక్క ఊళ్ళు అటు పోయాయి. కాసేపటికే మళ్ళీ తెలంగాణ, దుమ్ముగూడెం. రాష్ట్రం మారినట్టు తెలిసేది బోర్డుల వల్లే. చెట్లు, చేలు, మనుషులు ఒకటే. ఇప్పచెట్లు ఆకు రాల్చేసి ఉన్నాయి. పూత రాలే రోజులకు ముందుగానే కొందరు చెట్ల కింద ఎండుటాకు ఊడ్చి నిప్పు పెట్టారు, పువ్వు శుభ్రంగా ఏరుకోవడానికి. పొగ వాసనకి తేనె కలిసినట్టుంది.

చర్ల పెద్ద ఊరు. సంత రోజు కావడంతో బస్టాండు వీధి కిక్కిరిసింది. చింతపండు, ఎండుచేప, అల్యూమినియం తపేలాలు, ప్లాస్టిక్ చెప్పులు. సరిహద్దు అవతల బీజాపూర్ జిల్లా పామేడు వాళ్ళకు చాలా ఏళ్ళు ఇదే అంగడి. సొంత జిల్లా కేంద్రానికి దారిలేక తెలంగాణ మీదుగానే రాకపోకలు సాగించారు. కాలినడకన వచ్చినవాళ్ళు సొర బుర్రలో అంబలి తెచ్చుకున్నారు. పక్కన కూర్చున్నందుకు ఒక ముసలమ్మ నాకూ ఆకు దొన్నెలో పోసి ఇచ్చింది. ఇది జొన్నదా అని అడిగితే నవ్వి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ పోసింది. పుల్లగా, చల్లగా, ఎండకి సరిపోయేలా ఉంది. మా ఊళ్ళో అడగందే కొత్తవాడికి మంచినీళ్ళు ఇవ్వరు అనను, ఇస్తారు. ముందు ‘ఎవరబ్బాయివి’ అని అడుగుతారు. ఈవిడ అడగలేదు.

అక్కడే ఒక కోయ యువకుడు పరిచయమయ్యాడు. మోటారు సైకిళ్ళ మరమ్మతు చేస్తాడు. కేంద్ర హోంశాఖ, నెహ్రూ యువ కేంద్రాలు కలిసి 2006లో మొదలుపెట్టిన గిరిజన యువజన మార్పిడి కార్యక్రమం కింద వారం రోజులు పెద్ద పట్నానికి పోయొచ్చాడు. తీవ్రవాద ప్రభావిత జిల్లాల కుర్రకారుని పట్నాలకు తీసుకెళ్ళి పరిశ్రమలు, కాలేజీలు, మ్యూజియంలు చూపించడం, వాళ్ళ పాటలూ ఆటలూ పట్నానికి చూపించడం దాని పద్ధతి. అతను ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. ఒడిశా, జార్ఖండ్ కుర్రాళ్ళతో భుజాల మీద చేతులేసుకుని నవ్వుతున్నాడు.

“మంచిగుంది సార్. నేను భయం లేకుండా మైకు పట్టుకుని మాట్లాడింది అక్కడే. జార్ఖండ్ పిల్లవాడు చెప్పిన కథ మా కథే. ఊళ్ళో ఇటు వాళ్ళు, అటు వాళ్ళు, మధ్యలో మేము. వచ్చినాక సర్టిఫికెట్ పంపించారు. మళ్ళా ఎవరూ అడగలేదు. నేను మైకులో చెప్పినయి మా ఊరి సంగతులు కదా, మా ఊళ్ళో ఎవరు వింటారు వాటిని?”

అతని గొంతులో ఫిర్యాదు లేదు. దుకాణంలో ఇద్దరు తమ్ముళ్ళకు పని నేర్పిస్తున్నాడు, ఒకడు గుత్తికోయ పిల్లవాడు. “వీడికి పాన ఇస్తే చాలు, మాట అవసరం లేదు” అన్నాడు. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 2015 డిసెంబరు 9న 2250వ తీర్మానం చేసింది. శాంతి విషయాల్లో పద్దెనిమిది నుంచి ఇరవై తొమ్మిదేళ్ళ వాళ్ళకి నిర్ణయాల్లో చోటివ్వాలని, ఆయుధం వదిలినవాళ్ళని తిరిగి సమాజంలో కలపాలని అది దేశాలను కోరింది. ఆ తీర్మానంలో అడిగిన పనిలో కొంత చర్ల వీధిలో ఈ దుకాణంలో జరుగుతోంది. దానికి ఏ కార్యక్రమం పేరూ లేదు. ఆ పట్నం యాత్ర తర్వాత ఎవరైనా ఒక్కసారి వచ్చి ఇతన్ని కలిసి, “నీకు ఏం కావాలి” అని అడిగి ఉంటే ఆ వారానికి పెట్టిన ఖర్చు ఎన్నో రెట్లు ఫలించేది.

తాలిపేరు జలాశయం గట్టు దాటి అడవిలోకి పోయే దారిలో ఒక గుత్తికోయ గూడెం. పేరు రాయను. రాస్తే వాళ్ళకి మేలు జరుగుతుందో కీడు జరుగుతుందో ఇప్పుడే చెప్పలేం. తడికె గోడలకు మట్టి మెత్తిన ఇళ్ళు, మధ్యలో చింతచెట్టు, చెట్టు కింద రేకుల కప్పుతో బడి. పాఠం చెప్పే అమ్మాయి ఈ ఊరిది కాదు. పక్క పంచాయతీ కోయ పిల్ల. గురుకులంలో ఇంటరు దాకా చదివి, డిగ్రీ మధ్యలో ఆగి, ఇక్కడికి రోజూ సైకిల్ మీద వస్తుంది. “మా కోయకీ వీళ్ళ మాటకీ తేడా ఉంది సార్, కానీ ఒక నెలలో అలవాటైంది” అంది. ఆమెకు ఇచ్చే జీతం ఎంతని అడిగితే, “నెల నెలా అయితే కాదు” అని నవ్వేసింది.

ఆ పూట బడి లేదు, ఊరి కూడిక ఉంది. ఎండాకాలంలో నీళ్ళ కష్టం. ఆమె చింతచెట్టు కింద నేల ఊడ్చి, బూడిదతో ఊరి పటం గీసింది. ఇంటింటికీ ఒక చింతగింజ పెట్టమంది. ఆడవాళ్ళను ముందు కూర్చోబెట్టి, మగవాళ్ళను వెనక్కి జరగమంది. జరిగారు! మోసే బిందెలు ఎన్ని, వాగు దగ్గర చెలమకు ఎంతసేపు నడవాలి, ఏ ఇంట్లో బాలింత ఉంది అని ఒక్కొక్కటీ అడుగుతూ గింజల పక్కన పుల్లలు పెట్టింది. బోరింగు ఎక్కడ వేయాలన్న దగ్గర రెండు వాడల మధ్య వాదన లేచింది. ఒకతను కోపంగా లేచి పోబోయాడు. ఆమె ఏమీ అనలేదు. అతని ఇంటి గింజ తీసి అతని చేతికి ఇచ్చి, “నువ్వే పెట్టు ఎక్కడైతే బాగుంటుందో” అంది. అతను చాలాసేపు పటం చూశాడు. తన ఇంటికి దగ్గరగా కాకుండా బాలింత ఉన్న వాడకి దగ్గరగా పెట్టాడు.

నాయకత్వ శిక్షణ గురించి నేను చదివిన పుస్తకాల్లో ఈ పద్ధతులన్నీ ఉన్నాయి. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగాను. గురుకులంలో హాస్టల్ లీడరుగా చేశానని, మెస్సులో గొడవలు అలాగే తీర్చేదాన్నని చెప్పింది. పటం గీయడం ఒక స్వచ్ఛంద సంస్థ రెండు రోజుల శిక్షణలో చూపించిందట. రెండు రోజుల పాఠం ఇంతగా పండటానికి కారణం ఆమె ఏడేళ్ళ గురుకులం. ఆ గురుకులానికి కారణం ఆమె దగ్గరున్న ఎస్టీ ధ్రువపత్రం.

ఇక్కడి పిల్లలకు అదే లేదు. ఐదో తరగతి అయిపోయిన ముగ్గురు పిల్లలు చింతచెట్టు ఎక్కి మా మాటలు వింటున్నారు. వాళ్ళు పుట్టింది ఇక్కడే. తల్లిదండ్రులు ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చారన్న కారణంతో గుత్తికోయలకు తెలంగాణలో ఆ పత్రం దొరకడం కష్టం. కొండకి అటు గిరిజనుడైనవాడు ఇటు దిగగానే గిరిజనుడు కాకుండా పోతున్నాడు. పత్రం లేకపోతే గురుకులం సీటు లేదు, గురుకులం లేకపోతే భువనగిరి గుట్ట లేదు, డార్జిలింగ్ లేదు, అమెరికా మార్పిడి కార్యక్రమం లేదు. చర్ల మండలం నుంచి ఒక పిల్లవాడు ఎవరెస్టు ఎక్కాడు. అదే మండలంలో ఈ చింతచెట్టు ఎక్కిన పిల్లలకు ఆ దారిలో మొదటి మెట్టే లేదు. స్థానిక గిరిజనుల భయం కూడా నాకు తెలుసు. భూమి, ఉద్యోగాలు, అడవి అన్నీ పంచుకోవాల్సొస్తుందన్న వాళ్ళ బాధలో నిజముంది. అయినా భూమి తగాదా తీరేదాకా పిల్లల చదువు ఆపడానికి వీల్లేదు. కనీసం బడి మట్టుకు ఆ కాగితంతో ముడిపెట్టకుండా సీటివ్వడం ప్రభుత్వం చేతిలో ఉన్న పని.

సోమవారం భద్రాచలం ఐటీడీఏలో గిరిజన దర్బార్ ఉంటుంది. ఆ అమ్మాయి, బాలింత వాడ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు, గింజ పెట్టిన ఆ మనిషి నాతో పాటే వచ్చారు. దారంతా ఆమె వాళ్ళ చేత చెప్పాల్సిన మాటలు అనిపించింది. లోపల మాత్రం తను వెనక నిలబడింది. ఆడవాళ్ళిద్దరూ చెరో మాట తెలుగులో చెప్పారు, మిగతాది తమ మాటలో చెప్పారు, ఆ మనిషి కాగితం మీద గీసిన పటం చూపించాడు. దరఖాస్తు నమోదు చేసుకుని రశీదు ఇచ్చారు. ఆమె రశీదు తీసుకుని నంబరు రెండుసార్లు చదివి, ఫోన్‌లో ఫోటో తీసి, ఆ మనిషి జేబులో పెట్టింది.

బస్టాండులో మిర్చి బజ్జీలు తింటూ నేను మార్లవాయి గురించి చెప్పాను. గోండి వాచకాల సంగతి వినగానే తినడం ఆపేసింది. “మా కోయలో కూడా పుస్తకాలు వేశారంట కదా సార్, మేం పుట్టినప్పుడు?” అంది. వేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టినప్పుడు కోయ అందులో ఉంది. “అయితే అవి వెతికిపెట్టండి. ఎవరెస్టు గురించి పిల్లలకి నేను చెప్పుకుంటా” అంది.

ఇంటికొచ్చాక విచారిస్తే రిటైరైన ఒక టీచరు దగ్గర రెండు పుస్తకాలు దొరికాయి. చర్లకు పార్సిల్ వేశాను. అవి ఆ అమ్మాయికి అందాయని, జిరాక్స్ తీయించి పంచిందని మోటారు సైకిళ్ళ దుకాణం కుర్రాడు ఫోన్ చేసి చెప్పాడు. ఇప్పుడు ఆమె మిగతావి అడుగుతోంది. కోయ వాచకాలు ఏ తరగతివైనా, చిరిగినవైనా మీ ఇంట్లోనో మీ బడి బీరువాలోనో ఉంటే పత్రిక ద్వారా తెలియజేయండి.